స్వర్గరథంలో ఫస్టు షిఫ్టు

మా వీధి మలుపులో పొద్దున్నే ఒక తెల్లని ఏసీ బండి వచ్చి ఆగుతుంది, ఎదురింటి అమ్మాయిని ఆఫీసుకు తీసుకుపోవడానికి. అది ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆ అమ్మాయి ఫోనులో ఎవరినో ఇంగ్లీషులో కడిగేస్తుంది. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఆ బండిని చూసినప్పుడల్లా నాకు మా బండి గుర్తొస్తుంది. మేము కూడా కొంతకాలం తెల్లని బండిలోనే డ్యూటీకి వెళ్లాం. దారి పొడుగునా జనం లేచి నిలబడి మాకు దండాలు పెట్టేవాళ్లు. మా జనరల్ మేనేజరుకు కూడా దక్కని గౌరవం అది. ఇప్పుడే ఉద్యోగాల్లో చేరిన మీలాంటి వాళ్లకు ఆ గౌరవం మాకెట్లా దక్కిందో చెబుతాను. కాస్త ఓపిక పట్టి వినండి.

డెబ్బైల చివరి సంగతి. ఊరికి ఆ కొసన ఉన్న ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో నేను టర్నరును. ఇల్లు ఉప్పుగూడలో. రైలు స్టేషను పక్కనే ఉంది గానీ రైలు మా ఫ్యాక్టరీ వైపు పోదు. రెండు బస్సులు మారాలి. మొదటి బస్సు దొరికితే రెండోది దొరకదు, రెండోది కనిపిస్తే అందులో కాలు పెట్టే చోటు ఉండదు.

మా ఫ్యాక్టరీలో పొద్దున మూడు సైరన్లు మోగేవి. మొదటిది రమ్మని. రెండోది పని మొదలైందని. రెండో సైరనుకూ మూడో సైరనుకూ మధ్య రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ఎప్పుడు గేటు దాటినా అది 'లేటు'. మూడోది మోగాక వచ్చినవాడు మాత్రం లేటు కాదు. అతనికి సగం రోజు సెలవు రాసి, సగం జీతం కోసి, మధ్యాహ్నం పనిలోకి తీసుకునేవాళ్లు. అంటే ఐదు నిమిషాలు ఆలస్యమైనవాడు నేరస్తుడు, పూట గడిచాక వచ్చినవాడు సెలవు పెట్టిన పెద్దమనిషి. ఈ రూలు రాసిన మహానుభావుడెవరో గానీ సర్కారు కొలువు సారమంతా అందులో పిండి పెట్టాడు. పోనీ, గేటెదురు చాయ్ హోటల్లో దాక్కుని మూడో సైరన్ మోగాక పోదామా అంటే అదీ కుదరదు. ఒకాయన అట్లా చేయబోయి దొరికిపోయాడు. గేటు కనబడే దూరంలో ఉండి కూడా లోపలికి రాకపోతే అది 'పని ఎగవేత' అట, లేటు కంటే పెద్ద నేరం.

ఇదంతా చూసేది టైమాఫీసు సారు. కోస్తా వైపు మనిషి. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, చేతికి గడియారం. గేటు దగ్గర నేల మీద సున్నంతో ఒక గీత గీయించి దాని పక్కన నిలబడేవాడు. దేశంలో ఎమర్జెన్సీ ఎత్తేశారు గానీ మా గేటు దగ్గర ఎత్తేయడం మరిచిపోయారని మేం అనుకునేవాళ్లం. తండ్రి పోయి కర్మ చేసి వచ్చిన ఒకతన్ని "పోయింది సోమవారం కదయ్యా, గురువారం లేటెందుకు?" అని అడిగాడట. నిజమో కాదో నాకు తెలియదు. నమ్మడం మాత్రం అందరికీ సులువుగానే ఉండేది.

ఆ గీత దగ్గర అందరికంటే ఎక్కువగా దొరికిపోయేవాడు మా వెల్డరు. మా గల్లీవాడే. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే వీధి చివరిదాకా వినిపించేది. మిగతా ఆరు రోజులూ గొంతే లేనట్టు ఉండేవాడు. భార్యకు నడుము పట్టేసింది, బిందె ఎత్తలేదు. మా గల్లీలో నల్లా సరిగ్గా మొదటి బస్సు వచ్చే వేళకే వచ్చేది. నీళ్లు పడితే బస్సు పోతుంది, బస్సు పడితే ఇంట్లో నీళ్లు ఉండవు. పిల్లలేమో నీళ్లు తాగకుండా ఉండరు. అందుకని అతని పేరు పక్కన లేట్లు పెరుగుతూ పోయాయి. ఉద్యోగం మీదికి వచ్చేట్టుందని అందరికీ తెలిసింది.

స్టేషను దగ్గర ఇరానీ హోటల్లో కూర్చుని డజను మందిమి మాట్లాడుకున్నాం. సొంతంగా ఒక పాత వ్యాను కొందాం, అందరం కలిసి పోదాం అన్నాడు సెక్రటరీ. సెక్రటరీ అంటే దేనికి అని అడక్కండి. వినాయకుడి పందిరికి ఆయనే సెక్రటరీ, చిట్టీకి ఆయనే సెక్రటరీ, గల్లీ కుక్కలు సంఘం పెట్టుకున్నా ఆయనే సెక్రటరీ. మా దగ్గర పోగైన డబ్బుకు వ్యాను కాదు, వ్యాను నీడ కూడా రాదని నాకు అనుమానం. ఆయన మాత్రం "నాకు వదిలెయ్, ఫికర్ జెయ్యకు" అని వెళ్లి, ఆదివారానికి నిజంగానే బండితో వచ్చాడు.

పొడుగాటి తెల్ల వ్యాను. చుట్టూ నల్లటి పట్టీ. వెనక రెండు తలుపులు. డ్రైవరు పక్కన హారన్ బదులు తాడు కట్టిన ఇత్తడి గంట. పక్కల మీద హిందీలో ఏదో రాసి దాని మీద సున్నం లాంటిది పూశారు, ఎండ పడితే అక్షరాలు బయటికి తేలుతున్నాయి. మాలో హెవీ లైసెన్సు ఉన్నవాడు ఒక్కడే, ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్టు నడిపే భాయ్. షాలిబండలో ఉండేవాడు. ఆయన వెనక తలుపు తెరిచి చూశాడు. లోపల సీట్లు లేవు. నేల మీద రెండు ఇనుప పట్టాలు మాత్రం ఉన్నాయి. పాడెను లోపలికి జరిపే పట్టాలు.

"సెక్రటరీ సాబ్, ఇది మయ్యత్ గాడీ!" అన్నాడు భాయ్, నెత్తిన టోపీ సర్దుకుంటూ.

"ఇన్నాళ్లు. ఇయ్యాల్టి సంది స్టాఫ్ బస్సు," అన్నాడు సెక్రటరీ.

బేగంబజార్ సేట్ల ధర్మసంస్థ ఒకటి దిక్కులేని శవాలకు ఉచితంగా ఇచ్చే స్వర్గరథం అది. వాళ్లు కొత్తది కొనుక్కుని పాతది అమ్మేశారు. తుక్కువాడు కూడా ముట్టని సరుకు కాబట్టి మాకు అందింది. మేమందరం నోళ్లు తెరిచి చూస్తుంటే సెక్రటరీ ఒక్కడే నిబ్బరంగా ఉన్నాడు.

"మంచి బండి గీది. ఎన్నడూ స్పీడు కొట్టలే. ఓవర్‌లోడు మొయ్యలే. ఎక్కినోడు ఒక్కడన్నా కంప్లైంట్ చేసిండా, చెప్పుండ్రి."

చేయలేదన్న మాట మాత్రం నిజం.

బండిని పాతబస్తీలో భాయ్‌కు తెలిసిన మిస్త్రీ దగ్గర పెట్టాం. ముసలి మిస్త్రీ ఇంజను మీద చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. "ఇంజన్ అచ్ఛా హై. ఇస్ కో కభీ జల్దీ నై థీ," అన్నాడు. దానికెప్పుడూ తొందర లేదట, అందుకే అరగలేదట. అయినా కార్బురేటరు, బ్రేకులు, బ్యాటరీ పోయి ఉన్నాయి. అన్నీ సెకండ్‌హ్యాండువే వేశాడు. వైపరు డ్రైవరు వైపుకు ఒక్కటే వచ్చింది. రెండో వైపు వాన పడితే సెక్రటరీ చెయ్యి బయటికి పెట్టి గుడ్డతో తుడవాలని కమిటీ తీర్మానించింది. ముందు సీటు, కిటికీ పక్కది, తనకే కావాలని ఆయన పట్టుబట్టినందుకు మేం వేసిన శిక్ష అది.

సీట్ల కోసం తుక్కు బజారులో వెతికితే మూతపడిన టాకీసు కుర్చీలు దొరికాయి. కొన్ని మెత్తలున్న బాల్కనీ కుర్చీలు, ఎక్కువ చెక్కవి. ఆదివారాలు కుర్చీలు తీసేసి బండిని కూరగాయల లోడుకు కిరాయికి ఇస్తే పెట్రోలుకు పనికొస్తుందని సెక్రటరీ లెక్క. అందుకని వెల్డరు ప్రతి కుర్చీ కింద ఇనుప కాళ్లు అతికి, పాడె పట్టాల్లోకి జరిగేట్టు చేసి, జారకుండా పిన్నులు కొట్టాడు. చక్కని పని. బాల్కనీ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న లొల్లి మాత్రం నెల రోజులు తెగలేదు. జీవితమంతా నేల టిక్కెట్టు కొన్నవాళ్లం, ఇక్కడ మాత్రం ఒక్కడూ చెక్క కుర్చీకి ఒప్పుకోడు. కిటికీలకు మా ఆవిడ పాత చీర చింపి పరదాలు కుట్టింది. అదే బండికి ఆమె ఇచ్చిన మొదటి, ఆఖరి ఆశీర్వాదం.

ఎందుకంటే బండి సంగతి తెలిసిన రోజు సాయంత్రం ఆమె గుమ్మం ముందు బకెట్టు పెట్టుకుని కూర్చుంది.

"శవాల బండెక్కి అచ్చినవ్. గడప తొక్కకు. కూసో."

"అండ్ల శవం లేదే. మేమే ఉన్నం."

"మీరేం తక్కువున్నరు? కూసోమన్న గద."

నెత్తి మీద చన్నీళ్లు కుమ్మరించింది. ఆమెను చూసి పక్కింటావిడ, ఆవిడను చూసి ఎదురింటావిడ అదే పని చేశారు. ఆ తర్వాత రోజూ సాయంత్రం మా గల్లీలో మగవాళ్లందరం గుమ్మాల ముందు వరుసగా కూర్చుని తడిసేవాళ్లం. కొత్తగా వచ్చినవాడెవడైనా చూస్తే గల్లీలో కలరా గత్తర తగిలి ఇంటికొకరు పోయారనుకునేవాడు.

రంగుకు డబ్బు మిగల్లేదు. అందుకని మొదటి రోజు ఆ తెల్ల రంగుతోనే, నల్ల పట్టీతోనే, గంటతోనే బయల్దేరాం. షాలిబండ దాటాం, చార్మినార్ దాటాం, నయాపూల్ దాటి బేగంబజార్ సందుల్లోకి తిరిగాం. అటు తిరగకపోతే చుట్టూ తిరిగి పోవాలి. పొద్దున పూట బేగంబజార్ సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. బస్తాల బండ్లు, సామాన్ల రిక్షాలు, నెత్తిన మూటలతో హమాలీలు. మంత్రి వచ్చినా పక్కకు జరగరు. భాయ్ భయపడుతూ గంట తాడు లాగాడు.

గంట మోగగానే బజారు ఆగిపోయింది. హమాలీలు బండ్లను గోడకు ఒరిగించారు. సేట్లు గద్దెల మీంచి లేచి చేతులు జోడించారు. టోపీవాలాలు నిలబడి ఏదో చదువుకున్నారు, ఒకాయన నాలుగడుగులు మా వెనక నడిచి ఆగిపోయాడు. చౌరస్తాలో పోలీసు అటువైపు బండ్లను ఆపి, టోపీ తీసి, మాకు చెయ్యి ఊపాడు. ఆ సందులో బతికున్నవాడికి దారిచ్చిన చరిత్ర లేదు. పోయినవాడికి మాత్రం ఇవ్వకుండా ఉన్న చరిత్రా లేదు. మేం మొదటి సైరన్ కంటే ముందే గేటు దగ్గర ఉన్నాం. టైమాఫీసు సారు గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని నడుస్తోందా అని విన్నాడు.

నెలన్నర అట్లా సాగింది. వెల్డరు నల్లా నీళ్లు పట్టి, చిన్నపిల్లకు జడ వేసి, తీరికగా వచ్చి బండెక్కేవాడు. మనిషి ముఖంలో నవ్వు మొదటిసారి చూశాం. కమిటీ కూడా కొన్ని కట్టుబాట్లు పెట్టింది. చార్మినార్ నుంచి నాంపల్లి దాకా ఎవరూ నవ్వకూడదు. పేకాట పరదాలు మూసి ఆడాలి. కిటికీ పక్కవాడు తువ్వాలు నెత్తిన వేసుకుని తల వంచుకోవాలి. ఒకసారి ఎవరో జోకు వేస్తే సెక్రటరీ ఆపుకోలేక నవ్వు మింగబోయి దగ్గుతో వణికిపోయాడు. బయట ఒక ముసలాయన అది చూసి "సబర్ కరో బేటా," అని ఓదారుస్తూ భుజం తట్టిపోయాడు.

అంత బాగా నడుస్తున్నదాన్ని చెడగొట్టకపోతే అది కమిటీ ఎట్లా అవుతుంది? దసరా వచ్చింది. ఆయుధపూజకు బండికి రంగు వేయాలన్నారు. ఇండ్లల్లో ఆడవాళ్ల పోరు కూడా పడలేక ఒప్పుకున్నాం. ఏ రంగు అన్నది పెద్ద రగడ అయింది. పాతబస్తీలో ఆకుపచ్చకు ఒక వైపువాళ్లున్నారు, కాషాయానికి ఇంకోవైపు వాళ్లు, ఎరుపుకు యూనియన్ ఉంది, పసుపు వేస్తే స్కూలు బండంటారు. చివరికి ఎవరికీ చెందదని నీలం వేయించాం. గంట తీసి రబ్బరు బుడ్డి హారన్ పెట్టించాం. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ తొక్కించి, పెళ్లికొడుకు బండిలా బయల్దేరాం.

బేగంబజార్‌లో హారన్ నొక్కితే ఒక హమాలీ వెనక్కి తిరిగి చూసి, "ఏంది లొల్లి? ఉడుకుతున్నవా? ఆగు," అన్నాడు. ఆగాం. చాలాసేపు ఆగాం. బెల్లం బస్తాల బండి ముందు, చీపుర్ల బండి వెనక. రెండో సైరన్ మాకు సందులోనే మోగినట్టనిపించింది.

గేటు దగ్గర సారు మిగతావాళ్లను రాసుకుని పంపేశాడు. వెల్డరును ఆపాడు. "ఇదే ఆఖరయ్యా. ఇంకొక్కసారి లేటుగా ఈ గీత దాటావంటే లోపలికి కాదు, ఇంటికే. పైకి పంపే కాగితం కూడా తయారుగా ఉంది. పిల్లలున్నారని నాకూ తెలుసు. గడియారానికి తెలియదుగా," అన్నాడు. వెల్డరు తల ఊపి లోపలికి వెళ్లాడు. ఆ రోజు అతను మధ్యాహ్నం డబ్బా తెరవలేదు. ఆ నీలం రంగుకు అందరం చెయ్యెత్తినవాళ్లమే.

మళ్లీ మిస్త్రీ దగ్గరికి వెళ్లి, బండిని పాతట్టే చేయమన్నాం. తెల్ల రంగు, నల్ల పట్టీ, గంట. మిస్త్రీ పానా కింద పెట్టేశాడు.

"క్యా జీ, దిమాగ్ ఖరాబ్? చచ్చిన బండ్లు తెచ్చి బతికియ్యమంటరు నా దగ్గర. బతికిన దాన్ని తెచ్చి మళ్లీ చంపమన్నోళ్లు మీరే ఫస్ట్."

అయినా చేశాడు. చేసినందుకు చాయ్ తప్ప ఏమీ తీసుకోలేదు. మీ నుంచి ఈ పనికి పైసలు తీసుకుంటే నాకు నిద్రపట్టదన్నాడు.

తెల్లబడ్డ బండితో వారం రోజులు మళ్లీ రాజభోగం. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, నేను చెప్పదలచుకున్న రోజు వచ్చింది.

బేగంబజార్ సందు మధ్యలో, ఒక పప్పుల గోదాం ముందు కొంతమంది హమాలీలు గుమిగూడి ఉన్నారు. అరుగు మీద ఒకావిడ కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయి ఊరికే చూస్తోంది. పక్కన కట్టెల పాడె మీద తెల్లగుడ్డ కప్పిన మనిషి. గోదాంలోనే పడుకుని నిద్రలో పోయాడట. ధర్మసంస్థ కొత్త బండి కోసం తెల్లారగానే కబురు పంపారట. ఆ బండేమో ఏదో సేటు ఇంటికి పోయిందట. మా గంట వినబడగానే ఒక ముసలి హమాలీ రెండు చేతులూ పైకెత్తి ఎదురొచ్చాడు.

"అచ్చిందిరా బండి! దండం బాబూ. పొద్దుగాల్ల సంది సూస్తున్నం."

భాయ్ బ్రేకు వేశాడు. వాళ్లు ఎవరినీ అడగలేదు. అడగాల్సిన పని ఉందని వాళ్లకెందుకు తోస్తుంది? వెనకకు వచ్చి రెండు తలుపులూ బార్లా తెరిచారు. లోపల టాకీసు కుర్చీల్లో, తువ్వాళ్లు నెత్తిన వేసుకుని, తలలు వంచుకుని మేం కూర్చున్నాం. ఒకాయన నోట్లో సగం ఇడ్లీ ఉంది.

ముసలి హమాలీ మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. అతని కళ్లల్లో నీళ్లు నిండాయి.

"గింతమంది అచ్చిండ్రా బాపూ? మావోనికి గింతమంది ఉన్నరని మాకు తెల్వదు."

సెక్రటరీ ముందు సీట్లోంచి దిగి వచ్చాడు. ఏ సభలోనూ మాట తడబడని మనిషి ముసలాయనకు రెండు చేతులూ జోడించాడు. ఇడ్లీ నములుతున్నాయన నమలడం ఆపేశాడు. నాకు సిగ్గేసింది. అది ఇప్పటికీ బాగా గుర్తుంది. వెల్డరు వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

అందరికంటే ముందు దిగింది అతనే. వంగి తన కుర్చీ పిన్ను ఊడగొట్టి, కుర్చీని పట్టాల మీంచి లాగి గోదాం గోడ పక్కన పెట్టాడు. సెక్రటరీ అతని చెవిలో, "నీకేమన్న పిచ్చా? ఆటో ఎక్కి పో నువ్వు. మేం జూస్కుంటం," అన్నాడు.

"పిన్నులు కొట్టింది నేను. ఎట్లూడుతయో నీకేం ఎరుక?"

"తీసినంకనన్న పో."

"ముందుగాల చెయ్యెయ్యన్నా. బరువున్నది."

కుర్చీలన్నీ దించాం. పాడెను ఎత్తేటప్పుడు తల వైపు వెల్డరే పట్టాడు. చాలా రోజులుగా కుర్చీలు మోసిన ఆ పట్టాల మీద పాడె సర్రున లోపలికి జరిగి తన చోటికి తాను పోయినట్టు పోయింది. సెక్రటరీ, ఎవరికీ ఇవ్వని తన ముందు సీట్లో అరుగు మీది ఆవిడను, పోయినతని భార్యను, కూర్చోబెట్టి, తాను హమాలీలతో కలిసి బండి వెనక నడిచాడు. మేమూ నడిచాం. భాయ్ గంట మోగించాడు. సేట్లు లేచి నిలబడ్డారు, బండ్లు పక్కకు జరిగాయి. రోజూ ఇచ్చే దారే ఇచ్చారు. ఆ రోజు మాత్రం నేను తల ఎత్తి వాళ్లను చూడగలిగాను.

మూసీ ఒడ్డున గుంత ముందే తవ్వి ఉంచారు. మట్టి వేయడం మాలో అన్ని మతాల వాళ్లకూ తెలిసిన పనే కాబట్టి ఎవరికీ ఎవరూ నేర్పాల్సిన అవసరం రాలేదు. ముసలి హమాలీ అడిగితే వెల్డరు ఒక పాట పాడాడు. అది చర్చి పాటని అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. దారిలో జనం బండి మీద చల్లిన పూలు అట్లాగే ఉన్నాయి. కాళ్లూ చేతులూ కడుక్కుని బండెక్కి, కుర్చీలు లేవు కాబట్టి నిలబడే బయల్దేరాం.

అప్పుడు సెక్రటరీ బుర్ర మళ్లీ పనిచేయడం మొదలుపెట్టింది. మూడో సైరనుకు ఇంకా వేళ ఉంది. ఇప్పుడు గేటు చేరితే లేటు, వెల్డరు కథ ముగుస్తుంది. మూడో సైరన్ దాటాక చేరితే సగం రోజు సెలవు. సగం జీతం పోతుంది గానీ కొలువు నిలుస్తుంది.

"భాయ్, మెల్లగ పోనియ్. మస్తు మెల్లగ," అన్నాడు.

భాయ్ నత్తలా నడిపాడు. కానీ పూలు చల్లిన స్వర్గరథాన్ని ఈ ఊరు ఆలస్యం కానిస్తుందా? ప్రతి చౌరస్తాలో పోలీసు అన్ని వైపులా బండ్లు ఆపి మమ్మల్ని పంపాడు. బస్సులు పక్కకు తప్పుకున్నాయి. మేం ఎంత మెల్లగా పోతే జనానికి అంత జాలి. పోనీ ఆపేద్దామని రోడ్డు పక్కన ఆపితే నిమిషంలో పదిమంది చేరారు. "ఖరాబ్ హో గయీ క్యా భాయ్? అరె, ధక్కా మారో!" అన్నాడు ఒకాయన. వద్దు మొర్రో అంటున్నా వినకుండా తోశారు. పాపం, పుణ్యం కోసం తోస్తున్నారు. ఏమని చెబుతాం? ఇన్నాళ్లూ వేళకు చేరడానికి పనికొచ్చిన బండి ఆ రోజు మమ్మల్ని ఆలస్యం కూడా కానివ్వలేదు. మూడో సైరన్ మోగకముందే గేటు ముందు నిలబడ్డాం.

సారు సున్నం గీత పక్కనే ఉన్నాడు. పూలు చూశాడు, మట్టి అంటిన మా బట్టలు చూశాడు. గేటు దగ్గరి వాచ్‌మన్ టోపీ తీసేశాడు.

"ఎవరు పోయారు?"

"ఒక హమాలీ సార్," అన్నాడు వెల్డరు.

"నీకేమవుతాడు?"

అన్న అనో, మామ అనో అంటే ఎవరూ కాదనరు. మేమందరం వెనక నుంచి కళ్లతోనే చెప్పు, చెప్పు అంటున్నాం.

"ఏం గాడు సార్. గా బండి మా కోసమే అచ్చిందనుకున్నరు వాళ్లు. కాదనబుద్ధి గాలే."

సారు గడియారం చూసుకున్నాడు. వెల్డరును చూశాడు. మళ్లీ గడియారం చూసుకున్నాడు. వెల్డరు ఒక కాలు గీత మీదికి ఎత్తబోయాడు.

"ఆగు!" అని అరిచాడు సారు. నేను ఆ గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు. "బుద్ధుందా మీకు? శ్మశానం నుంచి వచ్చి స్నానం చేయకుండా మిషన్లు ముట్టుకుంటారా? మొన్ననే కదయ్యా ఆయుధపూజ చేశాం! గోడ పక్కన తోటలో కొళాయి ఉంది. తల మీదుగా స్నానం చేసి రండి. ఒక్కొక్కరే. ఇతను ఆఖరున."

తోట గేటు బయటే ఉంది. కొళాయి ఒక్కటి, డబ్బా ఒక్కటి. మేం డజను మందిమి. మొదట భాయ్ కూర్చున్నాడు, తర్వాత సెక్రటరీ. సెక్రటరీ వీపు కూడా రుద్దుకున్నాడు. ఇంట్లో అంత శ్రద్ధగా రుద్దుకోవడం నేను చూడలేదు. ఒకాయన చొక్కా తీసి ఉతకడం మొదలుపెట్టాడు. సారు మాకు వీపు తిప్పి క్రోటన్ మొక్కలు చూస్తూ నిలబడ్డాడు. ఆ మొక్కల్లో చూడటానికి ఏమీ లేదు. పదేళ్లుగా అవి అట్లాగే ఉన్నాయి.

వెల్డరు నెత్తిన రెండో డబ్బా పోసుకుంటుండగా మూడో సైరన్ మోగింది.

సారు ఇటు తిరిగాడు. "ఇప్పుడు రండి. ఎవరూ లేటు కాదు. అందరికీ సగం రోజు సెలవు, జీతం కోత. నా రూలు నాకు రూలే," అన్నాడు. రూలు తప్పలేదు నిజమే, రూలుకు స్నానం చేయించాడంతే. తడి తలతో వెల్డరు ఆ గీత దాటాడు. ఆ తర్వాత పాతికేళ్లు దాటుతూనే ఉన్నాడు. నాకంటే ఒక నెల ముందు రిటైరయ్యాడు.

సారు మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మరుసటి వారమే నన్ను లేటు రాశాడు. కాబట్టి ఆయన మారిపోయాడని మాత్రం అనుకోవద్దు.

సాయంత్రం బేగంబజార్‌లో మా కుర్చీలు తుడిచి వరుసగా పెట్టి ఉన్నాయి. ఎవరి చేతికందింది వాళ్లు ఎక్కించాం. బాల్కనీ కుర్చీ కోసం ఆ రోజు ఎవరూ కొట్లాడలేదు. ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ మామూలుగానే బకెట్టుతో గుమ్మంలో ఉంది. నేను చెప్పింది విన్నాక లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి నాకు వేన్నీళ్లు దొరికాయి. చెంబుతో పోస్తూ అడిగింది.

"ఆయన పేరేంది?"

"అడగలే."

"ఒక్కలన్నా అడగలే?"

"అడగలే."

ఇంకో చెంబు పోసింది. "రేపు పొయ్యేటప్పుడు అడిగి రా," అంది.

మరుసటి రోజు పొద్దున పప్పుల గోదాం ముందు బండి ఆపించి, దిగి, ముసలి హమాలీని అడిగాను. చెప్పాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు. ఈ కథలో ఎవరి పేరూ రాయకూడదని నేను ముందే అనుకున్నాను కాబట్టి దాన్నీ రాయడం లేదు. నాకు మాత్రం గుర్తుంది.